మడ్డి దిగాలంటే



1795లో విలియం మర్డాక్ అనే స్కాట్లండ్ ఇంజనీరు ఒక కొత్త ఉపాయం కనిపెట్టాడు. ఆయన ఆవిరి యంత్రాలు తయారుచేసే బౌల్టన్ అండ్ వాట్ కంపెనీ మనిషి. అంతకు మూడేళ్ల ముందే, కార్న్‌వాల్‌లో తానుండే ఇంటిని బొగ్గు గ్యాసుతో వెలిగించాడు. ఈసారి చేసింది యంత్రమూ కాదు, దీపమూ కాదు. ఎండబెట్టిన కాడ్ చేప గాలితిత్తితో బీరును తేటపరిచే పద్ధతి. అప్పటిదాకా లండన్ బీరు తయారీదారులు ఈ పనికి రష్యా నుంచి వచ్చే స్టర్జన్ చేప తిత్తిని వాడేవారు. అది చాలా ఖరీదైన సరుకు. మర్డాక్ పద్ధతి ఎంతో చవక. దాన్ని వాడుకునే హక్కు కోసం లండన్ బీరు తయారీదారుల సంఘం ఆయనకు 2000 పౌండ్లు చెల్లించింది. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము.

బీరులో మసక పోగొట్టడానికి చేప పొట్టలోని తిత్తి ఎందుకు? దానికి అంత విలువెందుకు? ఇవాళ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వంటింట్లోనో గ్యారేజీలోనో బీరు కాచుకునేవాళ్లు అదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు. వాళ్లలో అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదన్నారు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో, సొంత వాడకానికి కాచుకునే బీరు మీద కేంద్ర పన్ను పోయింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇక్కడ ఇంట్లో ప్రయత్నించమని ఈ ప్రసంగం చెప్పడం లేదు. అయితే ఇందులో ఉన్న రసాయనశాస్త్రం ఎవరైనా వినదగ్గది, ఎంతో ముచ్చటైనది.

బీరు తయారీ సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని మరపట్టి సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. వడగట్టిన ఆ తీపి రసాన్ని వర్ట్ అంటారు. హాప్స్ పూలు వేసి దాన్ని గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే వారం పది రోజుల్లో పులిసి బీరవుతుంది. పులియడం ఆగిన రోజు గాజు పాత్రలోకి చూస్తే కనిపించేది బురద నీళ్ల రంగు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏదో చెడిపోయిందని కంగారు పడేది ఇక్కడే.

చెడిపోలేదు. కానీ ఆ మసక ఒకే వస్తువు కాదు. అందులో ఈస్ట్ కణాలు ఉండవచ్చు. బార్లీ ప్రొటీన్లు, గింజ పొట్టు నుంచీ హాప్స్ నుంచీ వచ్చిన వగరు పదార్థాలైన పాలీఫినాల్స్‌తో జట్టు కట్టి ఉండవచ్చు. చక్కెరగా మారకుండా మిగిలిపోయిన పిండి కావచ్చు. పండ్లు వేసి ఉంటే పెక్టిన్ కావచ్చు. అన్నిటికన్నా చెడ్డది, బాక్టీరియా చేరి ఉండవచ్చు. అయిదూ కంటికి ఒకేలా ఉంటాయి. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. ఈ రంగంలో నాకు తెలిసిన నిరాశలన్నీ దాదాపు ఇక్కడే పుట్టాయి. మసక ఏమిటో తెలుసుకోకుండా దుకాణంలో దొరికిన పొడి తెచ్చి కలిపేయడం, మర్నాడు తేటపడలేదని ఇంకొంచెం కలపడం.

ముందు, మడ్డి దానంతటది ఎందుకు దిగదో చూద్దాం. ద్రవంలో ఒక చిన్న గోళం ఎంత వేగంగా కిందికి దిగుతుందో 1851లో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టాడు. ఆ సూత్రంలో మనకు కావలసిన ముక్క ఒకటే. దిగే వేగం గోళం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే వ్యాసం రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు. పది రెట్లైతే వేగం వంద రెట్లు. ఒక ఈస్ట్ కణం వ్యాసం 5 నుంచి 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతో, అందులో సగమో. కదలకుండా ఉన్న బీరులో అది విడిగా రోజుకు కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. అందుకే ఓపిక ఉన్నవాళ్లకు ఈస్ట్ మసక పెద్ద సమస్య కాదు. రెండు మూడు వారాలు చల్లటిచోట కదపకుండా ఉంచితే చాలావరకు అడుక్కి చేరుతుంది. ప్రొటీను, పాలీఫినాల్ జట్టుది వేరే కథ. అది మైక్రాను కన్నా చిన్నది. అంత చిన్న రేణువును చుట్టూ ఉన్న నీటి అణువుల తాకిడే ఎటుపడితే అటు తోసేస్తుంటుంది, కిందికి దిగనివ్వదు. నెలలు గడిచినా అది అక్కడే తేలుతూ ఉంటుంది.

ఇలాంటి వాటిని దించే ఉపాయం ఒక్కటే. చిన్నవాటిని కలిపి పెద్ద ముద్దగా చేయాలి. ముద్ద కొంచెం గుల్లగా ఉంటుంది కాబట్టి స్టోక్స్ లెక్క అచ్చంగా కుదరదు గానీ దారి మాత్రం అదే. బీరు కాచేవాళ్లు ఫైనింగ్స్ అని పిలిచే పదార్థాల్లో చాలావాటి పని ఈ ముద్ద కట్టించడమే. అవి జల్లెడలు కావు. మన పల్లెల్లో ఏటినీళ్లు బురదగా వస్తే కుండ లోపల చిల్లగింజను, అదే ఇండుప గింజను, అరగదీసి నీళ్లు పోసేవారు. కొన్ని గంటల్లో పైన తేటనీరు, కింద మడ్డి. అక్కడా బురద రేణువులు గింజలోని పదార్థాన్ని పట్టుకుని గుంపు కట్టి బరువెక్కేవి. లండన్ పీపాలో చేపతిత్తి చేసిన పనీ అదే.

రేణువులు ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయి? ఇక్కడే విద్యుదావేశం సంగతి వస్తుంది. బీరు పులుపు స్వభావం కలది, పీహెచ్ 4 నుంచి 4.5 దాకా ఉంటుంది. ఆ పులుపులో ఈస్ట్ కణాల పైపొర మీద ఋణావేశం ఉంటుంది. అన్నిటిదీ ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. చేపతిత్తి అంతా కొల్లాజెన్ అనే ప్రొటీను. మూడు పోగులు మెలిపడిన పొడవాటి అణువు అది. బీరు పులుపులో దాని మీద ధనావేశం ఉంటుంది. ఒక్కో పొడవాటి అణువు ఎన్నో ఈస్ట్ కణాలను తనకు అంటించుకోగలదు. అలా కట్టిన ముద్దలు చూస్తుండగానే దిగుతాయి.

ఈ తిత్తి పదార్థాన్ని ఐసింగ్లాస్ అంటారు. దీన్ని వాడటంలో ఒక కిటుకుంది. వేడి తగలకూడదు. చల్లటి పలచని ఆమ్లంలో నానబెట్టి కరిగించాలి. వేడి చేస్తే మూడు పోగుల మెలిక విడిపోయి మామూలు జెలటిన్ అయిపోతుంది. కరిగించి పెట్టినదాన్ని కూడా 20 డిగ్రీలకు లోపే దాచుకోవాలి. ఇంగ్లండ్ పబ్బుల్లో పీపా నుంచి నేరుగా తోడి ఇచ్చే కాస్క్ ఏల్ అనే బీరుకు ఇది సరిగ్గా సరిపోయింది. అక్కడి నేలమాళిగల్లో వేడి 11 నుంచి 13 డిగ్రీలు. దారిలో పీపా కుదుపులకు మడ్డి లేచినా, స్టాండు మీద కదలకుండా పెడితే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ దిగుతుంది. ఇంకోసారి కదిలించినా మళ్లీ దిగుతుంది. ఇన్నిసార్లు మడ్డిని దించగలగడం ఐసింగ్లాస్ ప్రత్యేకత. మర్డాక్‌కు అంత సొమ్ము ఎందుకిచ్చారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఈ వ్యాపారంలో మన తీరాలకూ భాగం ఉంది. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా, వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన జాన్ ఫోర్బ్స్ రాయిల్ 1842లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చువేశాడు. భారతదేశపు తీరాల్లో ఐసింగ్లాస్ ఉత్పత్తి గురించే ఆ పుస్తకం. రష్యా సరుకుకు బదులు ఇక్కడి చేపల తిత్తులు పనికొస్తాయన్న ఆశ దాని వెనుక ఉంది. ఈ రోజుకూ కోనసీమ తీరంలో ఎవరి వలలోనైనా కచిడి చేప పడితే అది లక్షల్లో పలికిందని పత్రికల్లో చదువుతుంటాం. ఆ ధరలో ఎక్కువ భాగం మాంసానిది కాదు, పొట్టలోని గాలితిత్తిదే.

ఇంట్లో కాచుకునేవాళ్లు ఇవాళ ఎక్కువగా వాడేది ఐసింగ్లాస్ కాదు, జెలటిన్. దానికీ ఆధారం కొల్లాజెనే, కాకపోతే పంది, ఆవు వంటి జంతువుల చర్మం నుంచీ ఎముకల నుంచీ వస్తుంది. ఈస్ట్‌ను దించడంలో ఐసింగ్లాస్ అంత చురుకు కాదు గానీ, వగరు పదార్థాలను పట్టుకుంటుంది కాబట్టి ప్రొటీను మసక మీదా పనిచేస్తుంది. సుమారు 20 లీటర్ల బీరుకు అర టీస్పూను నుంచి ఒక టీస్పూను జెలటిన్ చాలు. అర కప్పు చల్లటి నీళ్లలో కొద్దిసేపు నాననిచ్చి, 65 నుంచి 70 డిగ్రీల దాకా వేడిచేసి, కరగగానే దించేయాలి. మరగనివ్వకూడదు, మరిగితే అణువులు ముక్కలై పట్టు తగ్గుతుంది. దాన్ని బీరులో నెమ్మదిగా పోసి మూత పెట్టాలి.

అయితే ఆ బీరు ఏ వేడిలో ఉందన్నది మందు కన్నా ముఖ్యం. చాలామంది పట్టించుకోనిది ఇదే. ప్రొటీన్లూ పాలీఫినాల్సూ 20 డిగ్రీల దగ్గర విడివిడిగా కరిగి ఉంటాయి. కంటికి కనిపించవు, బీరు తేటగానే ఉంటుంది. సున్నా దగ్గరికి చల్లబరిస్తే బలహీనమైన బంధాలతో జట్టుకట్టి మసకగా బయటపడతాయి. మళ్లీ వెచ్చబెడితే మాయమవుతాయి. దీన్ని చలి మసక అనవచ్చు. వెచ్చటి బీరులో జెలటిన్ కలిపితే అది పట్టుకోవడానికి అక్కడ జట్టే తయారు కాలేదు. బీరు తేటపడినట్టే కనిపిస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసి గ్లాసులో పోయగానే మసక. అందుకని ముందు పాత్రను ఫ్రిజ్‌లో పెట్టి 1, 2 డిగ్రీలకు దించి, ఒక రోజు అలా ఉంచి, మసక పూర్తిగా బయటపడ్డాక జెలటిన్ వేయాలి. రెండు మూడు రోజుల్లో పాత్ర వెనుక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలిగేటంత తేట వస్తుంది.

ఇలా చల్లబరిచేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ద్రవం, దాని పైనున్న వాయువు చల్లబడి కుంచించుకుపోతాయి. మూతకు అమర్చిన గాలి తాళం నుంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ బీరును పాతబడేలా చేస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. హాప్స్ దండిగా వేసిన బీరైతే రంగు కూడా ముదురుతుంది. పులిసేటప్పుడు వచ్చిన కార్బన్ డయాక్సైడును ఒక బెలూన్‌లో పట్టి ఉంచి, చల్లబరిచేటప్పుడు దాన్నే లోపలికి పీల్చుకోనిచ్చే ఏర్పాటు కొందరు చేసుకుంటారు. ఆ శ్రమ తీసుకున్నవాళ్లను మెచ్చుకోవాలి. తేట కోసం రుచిని పోగొట్టుకుంటే ఏం లాభం?

నిజానికి జెలటిన్ దాకా రాకముందే, పొయ్యి మీద ఉన్నప్పుడే సగం పని చేసేయవచ్చు. అట్లాంటిక్ తీరాల రాళ్లకు పట్టే ఒక ఎర్రటి నాచు ఉంది. పేరు ఐరిష్ మాస్. అందులోని క్యారజీనన్ అనే పదార్థం మీద ఋణావేశం. మరిగే వర్ట్‌లోని ప్రొటీన్లలో మసకకు కారణమయ్యేవాటి మీద ధనావేశం. చేపతిత్తి లెక్కకు ఇది తలకిందులు. 20 లీటర్లకు ఒక టీస్పూను నాచును ముందుగా నీళ్లలో నానబెట్టి, మరుగు ఆపడానికి 10, 15 నిమిషాల ముందు వేస్తే సరిపోతుంది. మరీ ముందుగా వేసి చాలాసేపు మరిగిస్తే క్యారజీనన్ విరిగిపోతుంది. తర్వాత వర్ట్‌ను వీలైనంత త్వరగా చల్లార్చాలి. అప్పుడు ప్రొటీను గుడ్డముక్కల్లా విరిగి అడుక్కి పోతుంది. దాన్ని వదిలేసి పైనున్న తేట రసాన్ని మాత్రమే ఈస్ట్‌కు ఇవ్వాలి. ఈ ఒక్క పని శ్రద్ధగా చేసినవాళ్లకు చాలాసార్లు వేరే మందు అవసరమే పడదు. నన్నడిగితే మొదట నేర్చుకోవలసింది ఇదే. నాచుకు మాంసంతో సంబంధం లేదు, ఖర్చూ తక్కువ.

మాంసం మాట వచ్చింది కాబట్టి అది నిజంగా ఆలోచించవలసిన విషయమే. బీరు శాకాహారమే అనుకుని తాగేవాళ్లు ఎందరో. ఐసింగ్లాస్‌గానీ జెలటిన్‌గానీ వాడితే చాలావరకు మడ్డితోపాటే దిగిపోయినా, బీరు వాటితో తేటపడిందన్నది నిజం. 1759లో మొదలైన డబ్లిన్ గిన్నిస్ కంపెనీ, తన బీరుకు ఐసింగ్లాస్ మానేస్తామని 2015లో ప్రకటించి, తర్వాత మానేసింది. అంత పాత కంపెనీ మారగలిగిందంటే ఇంట్లో 20 లీటర్లు కాచుకునేవారికి అది కష్టం కాదు. మీ ఇంటికి వచ్చిన అతిథి శాకాహారి అయితే, బీరు దేనితో తేర్చారో అడగకముందే చెప్పడం మర్యాద. ఆ మాట దాచడం నాకు తప్పుగా తోస్తుంది.

జంతువులతో పనిలేని మందులు చాలానే ఉన్నాయి. ద్రవరూపంలో దొరికే సిలికా ఒకటి. ఇసుకలో ఉండే సిలికానే, అతి సూక్ష్మ రేణువులుగా చేస్తారు. దాన్ని వేడిచేసే పని కూడా లేదు. ఇంకొకటి పీవీపీపీ అనే ప్లాస్టిక్ పొడి. అది నీటిలో కరగదు. ప్రొటీనులో పాలీఫినాల్స్ ఎక్కడ అతుక్కుంటాయో, సుమారుగా అలాంటి నిర్మాణమే దీనికి ఉండటంతో అవి ప్రొటీన్లను వదిలి దీనికి అంటుకుంటాయి. పొడితో సహా వడగట్టేస్తే చలి మసక పుట్టే అవకాశమే తగ్గుతుంది. శాకాహారం కాకపోయినా, రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను కూడా సిలికాతో జతచేసి వాడతారు. రొయ్యల పెంపకంలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఆ పెంకులకు కొదవ లేదు. కానీ రొయ్యలు పడనివాళ్లకు అది జాగ్రత్త చెప్పవలసిన పదార్థం.

బొప్పాయికీ ఈ కథలో చోటుంది. పచ్చి బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైము ప్రొటీన్లను ముక్కలు చేస్తుంది. మాంసం త్వరగా ఉడకడానికి మన ఇళ్లలో బొప్పాయి ముక్క వేసేది ఇందుకే. చల్లబరిచినా మసకబారని బీరు కోసం ఇలాంటి ఎంజైములను వాడే పద్ధతికి 1911లో అమెరికాలో లియో వాలర్‌స్టైన్ పేటెంట్ తీసుకున్నాడు. సీసా బీరును చల్లబరిచి తాగేవాళ్లకు అది గొప్ప సదుపాయం. దాని లోపం ఏమిటంటే, నురుగును నిలబెట్టే ప్రొటీన్లను కూడా అది వదలదు. ఇప్పుడు మసక ప్రొటీన్లలో ఎక్కువగా ఉండే ప్రోలీన్ దగ్గర మాత్రమే కత్తిరించే ఎంజైములు వచ్చాయి. నురుగు నిలుస్తుంది, మసక పోతుంది. బీరులో గ్లూటెన్ కూడా బాగా తగ్గుతుంది. అంతమాత్రాన గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ బీరు క్షేమమని ఎవరూ హామీ ఇవ్వకూడదు.

ఇక ఈ మందులకు లొంగని మసకలు. పిండి మిగిలిపోయిందేమో చూడాలంటే చెంచాడు బీరులో ఒక చుక్క అయోడిన్ వేయండి. నల్లటి నీలం రంగు వస్తే పిండి ఉన్నట్టే. ఈసారి వేడినీళ్లలో మాల్ట్ ఉంచే దశ సరిచేసుకోవాలి, జెలటిన్ ఎంత పోసినా లాభం లేదు. పెక్టిన్ మసకకు దాన్ని విడగొట్టే పెక్టినేజ్ ఎంజైము ఉంది. పులుపు వాసన, పైన పొర, రోజురోజుకీ పెరిగే మసక ఉంటే అది బాక్టీరియా. దానికి మందు లేదు. పారబోసి పాత్రలు శుభ్రం చేసుకోవడమే. తేటపడలేదని మోతాదు పెంచడం కూడా పనికిరాదు. అతిగా వేసిన జెలటిన్ తానే మసకగా మిగలడమో, అడుగున గట్టిపడకుండా దూదిలా లేచే మడ్డి కావడమో జరుగుతుంది.

అసలు తేర్చకూడని బీర్లు కూడా ఉన్నాయి. జర్మనీ దక్షిణాన గోధుమలతో చేసే హెఫెవైజెన్‌లో ఈస్ట్ మసక ఉండాలి, దాని రుచిలో అది భాగం. అమెరికాలోని వెర్మాంట్ నుంచి పేరుకెక్కిన మసక ఐపీఏ అనే రకం బీర్లలో హాప్స్ సువాసన పదార్థాలు ఆ మసకతోనే కలిసి ఉంటాయి. తేరిస్తే వాసన కూడా పలచబడుతుంది. తేట బీరే మంచి బీరు అన్న పట్టింపు మర్డాక్ నాటి తయారీదారులకు ఉన్నా, తాగే జనంలో బలపడింది ఆ తర్వాతే. తగరపు ముంతల్లో, మట్టి పాత్రల్లో తాగేవాళ్లు లోపల ఏముందో చూడలేదు. 1842లో ఇప్పటి చెక్ దేశపు ప్లజెన్ ఊళ్లో జోసెఫ్ గ్రోల్ బంగారు రంగు పిల్స్నర్ బీరు కాచాడు. బ్రిటన్‌లో గాజు మీది పన్ను 1845లో రద్దయింది. గాజు గ్లాసులు చవకయ్యాక మసక జనానికి మరింత తప్పుగా కనిపించసాగింది.

ఆఖరుగా సీసాల్లోకి ఎత్తడం. మడ్డి దిగిన పాత్రను కదపకుండా, సైఫన్ గొట్టం మొనను మడ్డికి రెండు మూడు వేళ్ల ఎత్తులో పట్టుకుని తీయండి. అడుగున అర లీటరు వదిలేయడానికి వెనుకాడవద్దు. ఇంత తేటగా ఉంటే సీసాలో గ్యాసు పుట్టించడానికి ఈస్ట్ మిగలదేమో అన్న భయం అక్కర్లేదు. కంటికి పూర్తి తేటగా కనిపించే బీరులోనూ మిల్లీలీటరుకు లక్షదాకా ఈస్ట్ కణాలు ఉండవచ్చు. తూచి వేసిన కొద్దిపాటి చక్కెరను పులియబెట్టడానికి అవి చాలు. కాకపోతే చలిలో ఉండి వచ్చినవి కాబట్టి కొంచెం నిదానిస్తాయి. సీసాలను 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు కాకుండా మూడు వారాలు ఉంచండి. అప్పుడు ప్రతి సీసా అడుగునా సన్నటి పొర కడుతుంది. అది లోపం కాదు. పోసేటప్పుడు సీసాను ఒకే వంపులో వంచి, ఆ పొర కదిలేలోపు ఆపితే సరి.